పదమూడు సముద్రపు మైళ్ళు

లాగ్ బుక్కుల ఉన్నది ఒక్క వరుస.
బయలుదేరింది బేగంపేట. చేరింది శంషాబాద్.
గాలిలో పదకొండు నిమిషాలు.
దూరం గడిలో కెప్టెన్ పదమూడు అని రాసిండు.
పదమూడేంది సార్ అంటే
నాటికల్ మైళ్ళు, సముద్రం మీద కొలిచే లెక్క అన్నడు.
సముద్రం లేని ఊరు మాది.
చెరువుకు సాగరమని పేరు పెట్టుకున్నం,
ఆ పేరు చూసే ఇచ్చిండ్రేమో ఆ మైళ్ళు.

ఇరవై రెండేండ్లు రెక్కల కింద పన్న.
టైర్ల గాలి చూసిన, బ్రేకుల నూనె తుడిచిన,
తెగిన సీటు బెల్టులు ఎన్ని మార్చిన్నో లెక్క లేదు.
కడుపు మీద అవి ఎట్లుంటయో ఆ రోజే తెలిసింది.
పాత ఎయిర్‌పోర్టు మూతబడి ఆరు రోజులు,
ఇంజను పాడై వెనక మిగిలిపోయిన ఒక్క విమానం,
ఖాళీ సీట్లు నూట ఎనబై, మనుషులం నలుగురం.
కిటికీ పక్కన కూసొని చేతులేడ పెట్టాల్నో తెల్వక
పానాల సంచి ఒళ్ళో పెట్టుకున్న.
"మొదటిసారా, బుచ్చిలింగం?"
కాదు సార్ అన్న.
ఎందుకు అబద్ధమాడిన్నో ఇప్పటికీ తెల్వదు.

కింద సాబేర్ ఒక్కడే,
రెండు చేతుల్ల నారింజ కర్రలు.
విమానాలను దారిల పెట్టేటోడు.
కొత్త లిస్టుల అతని పేరు లేదు.
పొద్దుగాలే తెలుసు ఇద్దరికీ,
రొట్టె సగం తుంచి నాకిచ్చిండు, ఏమనలే.
ఆఖరి బండిని గూడ సక్కగ పసుపు గీత మీదికి పిలిచి,
కర్రలు దించి సలాం కొట్టిండు,
పైలట్‌కో నాకో.

లేవంగనే రసూల్‌పుర రేకులు.
మా ఇంటి మీది నీలం తాటిపత్రి కోసం వెతికిన.
అన్ని ఇండ్ల మీద నీలం తాటిపత్రే.
మూసీ, మొదటిసారి, వాసన లేకుండ కనిపించింది.
చార్మినార్ కోసం మెడ తిప్పేలోపు
చాంద్రాయణగుట్ట దాటిపోయింది,
చెవులు దిబ్బడేసినయి,
పొట్ట కింద చక్రాలు దిగిన చప్పుడు.
ఆ చప్పుడు నాకు తెలుసు.
దాని పైన కూసొని వినుడే కొత్త.

దిగినంక కెప్టెన్ చెయ్యి కలిపి పోయిండు.
నేను ఇంటికి పోవాలె గదా.
ఒక బస్సు, ఆరాంఘర్ల దిగుడు, ఇంకో బస్సు,
మెహదీపట్నంల నిలబడుడు, లక్డికాపూల్ల ఇరుకుడు,
గడప తొక్కేసరికి రెండు గంటల నలభై.
ఇంత రాత్రి దాంక ఏడున్నవ్, అండాలు అడిగింది.
పోవుడు పదకొండు నిమిషాలే, వచ్చుడే లేటయింది అన్న.
నవ్వలే ఆమె. బువ్వ చల్లారింది.

సాబేర్ ఇప్పుడు పైగా కాలనీ మూలకు
సూట్‌కేసుల చక్రాలు బాగు చేస్తడు.
సైజు దొరక్కపోతే
పిల్లల స్కేటింగ్ బూట్లది ఊడదీసి ఏస్తడు.
మూడు నల్లవి, ఒకటి ఎర్రది.
నెత్తి మీదికెళ్ళి ఎన్నడన్న వీఐపీ విమానమొస్తే
సుత్తె ఆపుతడు, తల మాత్రం ఎత్తడు.
కొత్తది ఎట్లుంటదని ఇన్నేండ్లల్ల అడగలే.
నేను చెప్పలే.
అద్దాలున్నయని చెప్పాల్నా?

నిన్న రాత్రి డ్యూటీ దిగి బయటికొస్తుంటే
ఒక పెద్దామె గులాబీ రంగు పెట్టె గుంజుకపోతుంది.
మూడు నల్లవి.
గ్రానైటు మీద మిగతావి కిర్రుమంటున్నయి,
ఎర్రది తన పాటికి తాను తిరుగుతుంది.
ఎవరు ఏసిండ్రమ్మా అని అడుగుదామనుకున్న,
ఆమె లైన్ల నిలబడ్డది, లైను ముందుకు పోయింది.

బోర్డు చూసి అరచేతిల రాసుకున్న:
జెడ్డా. ఆరు గంటలకు పది నిమిషాలు తక్కువ.
మైళ్ళు రాసి లేవు.
రేపు సాబేర్‌కు చెప్పాలె.
అతను మైళ్ళు అడగడు.
చెయ్యి తిప్పి, చెరిగిపోయిన సిరా చూసి,
రొట్టె తిన్నవా అని అడుగుతడు.